చదవనివ్వని అక్షరాలు: 1966 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో పోస్టర్లు

ఆకుపచ్చ నేపథ్యం మీద ఒక ఎర్రటి మంట. మొదటి చూపులో అంతకు మించి ఏమీ కనిపించదు. దగ్గరికెళ్లి కాసేపు నిలబడితే ఆ మంటలోని మెలికలు అక్షరాలని తెలుస్తుంది. ఇంకొంచెం ఓపిక పడితే నాలుగు బ్యాండ్ల పేర్లు, తేదీలు, హాలు పేరు ఒక్కొక్కటే బయటపడతాయి. 1966 జులై 22, 23 తేదీల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిల్మోర్ ఆడిటోరియంలో జరిగిన కచేరీల కోసం వెస్ విల్సన్ గీసిన పోస్టర్ ఇది. సైకెడెలిక్ పోస్టర్ అనగానే ఇవాళ ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ కరిగి సాగిన అక్షరం జనం కళ్లలో పడింది ఇలాంటి కాగితాలతోనే.

అంతకు ముందు అమెరికాలో పాటకచేరీల పోస్టర్లు బాక్సింగ్ పోటీల ప్రకటనల బాణీలో ఉండేవి. పట్టీలు పట్టీలుగా రంగులు మారే అట్ట, దాని మీద దిట్టమైన నల్ల అక్షరాలు. గాయకుడి పేరు అన్నిటికన్నా పెద్దగా, తేదీ కొట్టొచ్చినట్టు, టికెట్ ధర ఒక మూల. కారులో పోతున్నవాడికి కూడా ఒక్క చూపులో సంగతి అందాలన్నదే లెక్క. ఆ లెక్క ప్రకారం విల్సన్ మంట దండగ పని. హాలు నడిపే బిల్ గ్రాహం కూడా ఇవి చదవలేకపోతున్నామని అభ్యంతరం చెప్పేవాడు. కానీ ఒక్క చూపులో అందకపోవడమే ఈ పోస్టర్‌కి బలమైంది. అర్థం కానిదాని ముందు మనిషి ఆగుతాడు. ఆగినవాడు చదువుతాడు. చదవడానికి అంత కష్టపడ్డవాడు ఆ పేర్లు అంత తేలిగ్గా మర్చిపోడు.

ఈ పోస్టర్లను చాలామంది ఇప్పటికీ మత్తుమందు బొమ్మలుగానే చూస్తారు. ఎల్‌ఎస్‌డీ వేసుకున్నవాళ్లకి కనిపించిన రంగులనే కాగితం మీదికి దించారని ఒక్క మాటతో తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉంది. సైకెడెలిక్ అనే మాటే 1950ల్లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు ఆ రకం మందుల కోసం గ్రీకు ముక్కలు కలిపి కట్టిన మాట. మనసును వెల్లడి చేసేది అని దాని అర్థం. కచేరీలకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ మందు వాడినవాళ్లే, బొమ్మలు గీసినవాళ్లూ దానికి దూరంగా ఏమీ లేరు. అయితే మందు వేసుకున్న ప్రతివాడూ పోస్టర్ గీయలేదు. ఆ రంగు, ఆ అక్షరం, ఆ అస్థిపంజరం ఎక్కడి నుంచి వచ్చాయని వెతుక్కుంటూ వెళ్తే ఒక ప్రింటింగ్ ప్రెస్సు, ఒక ఆర్ట్ కాలేజీ, ఒక పబ్లిక్ లైబ్రరీ, పాతకార్లకు రంగులేసే షెడ్డు కనిపిస్తాయి. ఈ బొమ్మల వెనక ఉన్న పనితనాన్ని మత్తు ఖాతాలో రాసేయడం వాటికి జరిగిన పెద్ద అన్యాయం.

ముందు హాళ్ల సంగతి. 1965 వేసవిలో నెవాడా రాష్ట్రంలోని వర్జీనియా సిటీ అనే పాత గనుల ఊళ్లో, రెడ్ డాగ్ సెలూన్ అనే చోట చార్లటన్స్ బ్యాండ్ వాయించింది. ఆ బ్యాండ్‌లోని జార్జ్ హంటర్, మైకేల్ ఫెర్గూసన్ కలిసి గీసిన ప్రకటనను ఈ కోవలో మొదటి పోస్టర్‌గా లెక్కేస్తారు. ఆ గుంపులో కొందరు శాన్‌ఫ్రాన్సిస్కో తిరిగొచ్చి ఫ్యామిలీ డాగ్ పేరుతో డాన్సులు పెట్టడం మొదలుపెట్టారు. 1966లో ఆ పేరు టెక్సాస్ నుంచి వచ్చిన చెట్ హెల్మ్స్ చేతికొచ్చింది. అతను సటర్ వీధిలో అవలాన్ బాల్‌రూమ్ నడిపాడు. పోటీగా ఫిల్మోర్‌లో బిల్ గ్రాహం. బెర్లిన్‌లో పుట్టి, నాజీల నుంచి తప్పించుకుని పిల్లాడిగా అమెరికా చేరిన యూదుడు అతను. ఆ ఫిల్మోర్ హాలు నల్లజాతివాళ్ల పేటలో ఉండేది. దాన్ని అంతకు ముందు నుంచీ నడుపుతున్న చార్లెస్ సల్లివాన్ అనే నల్లజాతి ప్రమోటర్ చోటిస్తేనే గ్రాహం అక్కడ కాలు పెట్టగలిగాడు. హిప్పీల కథ చెప్పేటప్పుడు ఈ పేరు తరచూ జారిపోతుంది. జారిపోకూడదు.

రెండు హాళ్లలోనూ దాదాపు ప్రతివారం కచేరీ, ప్రతి కచేరీకి కొత్త పోస్టర్. 1971లో మూతపడేలోపు గ్రాహం వరస 280 దాటింది. ఫ్యామిలీ డాగ్ వరసలో 140కి పైగా ఉన్నాయి. ఇంత పని మీద పడింది కాబట్టే ఇన్ని ప్రయోగాలు జరిగాయి. వచ్చేవారం మళ్లీ ఒకటి గీయాల్సిందే అన్న టెన్షన్ కూడా ఒక గురువే.

వెస్ విల్సన్ ఆర్ట్ స్కూలు నుంచి వచ్చినవాడు కాదు. చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాడు. 1965లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా సొంతంగా ఒక పోస్టర్ వేశాడు. అమెరికా జెండాలో నక్షత్రాలుండాల్సిన చోట నాజీల స్వస్తిక పెట్టి, తర్వాతి వంతు మనదేనా అని అడిగాడు. ఆ ఏడాది నవంబర్‌లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాత జర్మన్ పోస్టర్ల ప్రదర్శన జరిగింది. దాని కేటలాగ్ విల్సన్ చేతికి వచ్చింది. అందులో వియన్నా కళాకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ 1903లో తమ సెసెషన్ బృందం ప్రదర్శన కోసం రాసిన అక్షరాలు ఉన్నాయి. ప్రతి అక్షరం ఒక బరువైన పలక. పక్క అక్షరంతో దాదాపు అతుక్కుని ఉంటుంది, మధ్యలో సన్నటి గీతంత ఖాళీ మాత్రమే వదులుతుంది. చదవాలంటే నల్లటి ఆకారాన్ని చూడాలో, మధ్యలో మిగిలిన సందుల్ని చూడాలో కన్ను ముందు తేల్చుకోవాలి. బాపు చేతిరాతను అల్లంత దూరం నుంచే పోల్చుకునే తెలుగు పాఠకులకి అక్షరానికి కూడా ఒక ముఖం ఉంటుందన్న సంగతి కొత్త కాదు. విల్సన్ ఆ వియన్నా ముఖాన్ని తీసుకుని సాగదీశాడు, వంచాడు. ఒక స్త్రీ జుట్టులోనో మంటలోనో పొగలోనో ఖాళీ ఎంతుంటే అంతా అక్షరంతో పోశాడు, పాత్రను బట్టి నీళ్లు రూపం మార్చుకున్నట్టు.

అరవై ఏళ్ల కిందటి వియన్నా అక్షరం కాలిఫోర్నియాలో ఎందుకు పనికొచ్చింది? ఆ వియన్నావాళ్లూ తమ కాలంలో అకాడమీ పెద్దలతో తెగతెంపులు చేసుకుని బయటికి వచ్చినవాళ్లే. విల్సన్ ఆ చరిత్ర కోసం వెతుక్కుంటూ వెళ్లలేదు, చేతికొచ్చిన అక్షరం నచ్చింది అంతే. అయినా పెద్దల దారి వద్దనుకున్న ఒక తరం గీత అలాంటి ఇంకో తరానికి ఒంటికి పట్టినట్టు సరిపోయింది.

ప్రెస్సు పని తెలియడం విల్సన్‌కి ఇంకోలా కూడా కలిసొచ్చింది. ఇవి ఆఫ్‌సెట్ మెషీన్ మీద అచ్చయిన పోస్టర్లు. కళాకారుడు రంగుల్లో బొమ్మ వేసి ఇచ్చేవాడు కాదు. ఒక్కో రంగుకి ఒక్కో పొర చొప్పున నలుపులోనే గీసి, ఏ పొర ఏ ఇంకుతో పడాలో ప్రెస్సువాళ్లకి చెప్పేవాడు. అంటే కాగితం మెషీన్ లోంచి బయటికి వచ్చేదాకా అసలు రంగుల్లో ఆ బొమ్మ ఎవరూ చూసి ఉండరు, గీసినవాడితో సహా. ఎరుపు పక్కన ఆకుపచ్చ ఎలా మండుతుందో మనసులోనే ఊహించుకోవాలి. కొన్ని పోస్టర్లకి ఇంకు తొట్టిలోనే రెండు మూడు రంగులు పక్కపక్కన పోసేవాళ్లు. రోలర్లు తిరిగేకొద్దీ అవి అంచుల్లో కలిసి ఒకదాంట్లోకి ఒకటి జారిపోయేవి. బాక్సింగ్ పోస్టర్లలో చవకగా రంగుల పట్టీలు వేయడానికి వాడిన కిటుకే ఇక్కడ సూర్యాస్తమయాలకీ ఇంద్రధనుస్సులకీ పనికొచ్చింది.

రంగు సంగతి పూర్తిగా తెలిసినవాడు విక్టర్ మొస్కోసో. స్పెయిన్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగాడు. అక్కడి కూపర్ యూనియన్‌లో, తర్వాత యేల్‌లో చదివాడు. యేల్‌లో అతనికి రంగుల పాఠం చెప్పినవాడు జోసెఫ్ ఆల్బర్స్. ఏ రంగైనా పక్క రంగును బట్టే కనిపిస్తుందని జీవితమంతా చూపించిన మాస్టారు ఆయన. ఇంత చదువున్నా మొస్కోసో మొదటి పోస్టర్ తేలిపోయింది. పోస్టర్ తొందరగా చదివించాలి, కళ్లు చెదిరే రంగులు పక్కపక్కన పెట్టకూడదు అని స్కూల్లో నేర్పిన సూత్రాలే అడ్డుపడుతున్నాయని అతనికి తర్వాత అర్థమైంది. ఒక్కో సూత్రాన్నీ తిరగేసి వాడటం మొదలుపెట్టాడు. తిరగేయాలన్నా ముందు సూత్రం తెలిసుండాలి కదా.

కళ్లు చెదరడం వెనక ఉన్న కిటుకు ఇది. ఒక ఆకారం అంచు ఎక్కడుందో కన్ను ప్రధానంగా వెలుగులో తేడాను బట్టి పసిగడుతుంది. ఎరుపు, నీలం లాంటి గట్టి రంగులు రెండు పక్కపక్కన పెట్టి, వాటి వెలుగు మాత్రం సమానంగా ఉంచితే కన్ను ఇరకాటంలో పడుతుంది. రంగు మారిందని తెలుస్తుంది, గీత ఎక్కడుందో నిలకడగా దొరకదు. అంచు అదురుతున్నట్టు, బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు అనిపిస్తుంది. అలాంటి పోస్టర్‌ని ఫోన్లో బ్లాక్ అండ్ వైట్‌లోకి మారిస్తే రంగులో అరుస్తున్న అక్షరాలు బూడిద రంగు నేపథ్యంలోకి జారిపోవడం చూడవచ్చు. మాట్రిక్స్ అనే చిన్న క్లబ్ కోసం మొస్కోసో నియాన్ రోజ్ పేరుతో ఒక వరస చేశాడు. అందులో 1967 నాటి చేంబర్స్ బ్రదర్స్ పోస్టర్‌లో నల్లకళ్లద్దాలు పెట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది. ఆ అద్దాల లోపలే అక్షరాలు సుళ్లు తిరుగుతూ ఉంటాయి. ఆమె వైపు చూస్తే చదవలేం, చదవబోతే ఆమె మాయమవుతుంది. రెండూ ఒకేసారి పట్టుకోలేక కన్ను అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

మొస్కోసో అక్కడితో ఆగలేదు. ఎరుపు, నీలం బల్బులు మార్చి మార్చి వెలిగిస్తే బొమ్మ కదిలే పోస్టర్లు కూడా చేశాడు. ఎర్రటి వెలుతురులో తెల్ల కాగితం మీద ఎర్ర ఇంకు కనపడదు, నీలం నల్లగా తేలుతుంది. నీలి వెలుతురులో అటుది ఇటవుతుంది. ఒకే కాగితం మీద రెండు భంగిమలు అచ్చేస్తే ఇక మిగతా పని బల్బులదే. కచేరీ హాళ్లలో గాజుపళ్లేల్లో రంగునీళ్లూ నూనే కలిపి, ప్రొజెక్టర్‌తో గోడల మీద తిప్పే లైట్ షోలు నడుస్తున్న రోజులవి. ఆ హాలు లోపలి అనుభవంలో ఒక ముక్కని పోస్టర్ ఇంటి గోడకి తీసుకెళ్లింది.

స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీల జంటది వేరే దారి. మౌస్ డెట్రాయిట్ వైపు నుంచి వచ్చాడు. కార్ల ప్రదర్శనల దగ్గర టీషర్టుల మీద ఎయిర్‌బ్రష్‌తో కోరల రాక్షసుల్ని వేసి అమ్మినవాడు. కెల్లీ మోటారుసైకిళ్ల పిచ్చి ఉన్నవాడు. ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీలో పాత పుస్తకాలు తిరగేస్తూ కూర్చునేవాళ్లు. అక్కడే ఉమర్ ఖయ్యాం రుబాయీలకి ఇంగ్లిష్ చిత్రకారుడు ఎడ్మండ్ సల్లివాన్ వేసిన నలుపు తెలుపు బొమ్మ ఒకటి దొరికింది. గులాబీల మధ్య నిలబడిన అస్థిపంజరం, తల మీద గులాబీల కిరీటం. దువ్వూరి రామిరెడ్డి తెలుగులోకి తెచ్చిన ఆ ఖయ్యామే. ఈ క్షణం చేజారకముందే బతుకు అనే ఆయన మాటకి సల్లివాన్ పెట్టిన రూపం అది. దానికి రంగులద్ది, అక్షరాలు కూర్చి, 1966 సెప్టెంబర్ 16, 17 తేదీల అవలాన్ కచేరీ కోసం గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ పేరు కింద పెట్టారు. పేరులోనే చావున్న బ్యాండ్‌కి చావు నెత్తిన పూలు పెట్టుకున్న బొమ్మ. ఇన్నేళ్లుగా ఆ బ్యాండ్ గుర్తుగా అదే నిలబడిపోయింది. పర్షియా కవి, ఇంగ్లండ్ చిత్రకారుడు, డెట్రాయిట్ ఎయిర్‌బ్రష్ కుర్రాడు ఒక్క కాగితం మీద కలుసుకున్నారు.

వీళ్లతో పాటు సర్ఫింగ్ పత్రికల్లో కార్టూన్లు వేసి వచ్చిన రిక్ గ్రిఫిన్ ఐదోవాడు. 1968 ఫిబ్రవరిలో రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కచేరీకి అతను వేసిన రెక్కల కనుగుడ్డు ఈ వరస మొత్తంలో ఎక్కువ పేరున్న బొమ్మల్లో ఒకటి. నరాలు తేలిన ఎర్రటి కన్ను నిప్పుల వలయంలోంచి దూసుకొస్తుంటుంది. పోస్టర్‌ని మనం చూడటం అటుంచి, అదే మనల్ని చూస్తోందని భయమేస్తుంది.

ఇక ఉద్యమం సంగతి. ఈ పోస్టర్లలో నినాదాలు వెతికితే దాదాపు దొరకవు. 1967 చివరికి వియత్నాంలో దాదాపు 4,85,000 మంది అమెరికా సైనికులున్నారు. పోస్టర్‌ని చింపుకుని దాచుకున్న కుర్రాడికే సైన్యంలో చేరమని పిలుపు వచ్చే రోజులు. అయినా కాగితం మీద నెమళ్లు, పుర్రెలు, స్త్రీల జుట్టు, మంటలు. పక్కనే ఉన్న బర్క్‌లీలో యుద్ధ వ్యతిరేక విద్యార్థులు ఊరేగింపులు తీస్తుంటే శాన్‌ఫ్రాన్సిస్కోలోని హిప్పీల పేట హెయిట్ ఆష్‌బరీలో ఉన్నవాళ్లు రంగుల్లో తేలుతున్నారన్న విమర్శ అప్పుడే ఉంది. ఆ విమర్శని కొట్టిపారేయలేం. కానీ ప్రతిసంస్కృతి, అంటే పెద్దల బతుకుతీరును కాదని వేరేలా బతకడం, అనే మాటకి అర్థం నినాదంలో మాత్రమే లేదు. టైం వృథా చేయకు, ఒక్క చూపులో చదువు, కొను, ముందుకెళ్లు అని ప్రతి గోడా చెబుతున్న దేశంలో ఒక కాగితం వచ్చి నిలబడు, తల తిప్పి చూడు, తొందరేం లేదు అంది. జీవితం ఎంత వేగంతో సాగాలన్నదే ఆ తరం పెద్దలతో పెట్టుకున్న తగాదాల్లో పెద్దది. ఆ తగాదా పాటల్లో కన్నా ఈ అక్షరాల్లోనే తేటగా కనిపిస్తుంది.

రెండు గుంపులూ కలవాలనే 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో హ్యూమన్ బీ-ఇన్ అనే సభ పెట్టారు. తెగల సమావేశం అని దానికి ఇంకో పేరు. గ్రిఫిన్ వేసిన పోస్టర్‌లో గుర్రం మీద ఒక అమెరికన్ ఆదివాసీ, చేతిలో ఎలక్ట్రిక్ గిటార్. ఇంకో పోస్టర్‌లో జడలు కట్టిన సాధువు ముఖం, నుదుట మూడో కన్ను. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తమ సమాజం నచ్చక బయటికి వచ్చిన తెల్లజాతి పిల్లలకి ఆదివాసీ, సాధువు ఇద్దరూ వేరే బతుకు ఉందనడానికి గుర్తులయ్యారు. ఆ గౌరవం నిజమైనదే. కానీ ఆ ఆదివాసీ ఏ తెగవాడో, ఆ సాధువు ఏ సంప్రదాయం వాడో పోస్టర్‌కి అక్కర్లేదు. గౌరవిస్తూనే అలంకారంగా వాడుకోవడం ఇది.

మన దేశంతో లంకె ఊహించి చెప్పేది కాదు, పోస్టర్ల మీదే ఉంది. బీ-ఇన్ జరిగిన రెండు వారాలకే, జనవరి 29న, అవలాన్‌లో మంత్ర రాక్ డాన్స్ పేరుతో కార్యక్రమం జరిగింది. ఇస్కాన్ స్థాపకుడు భక్తివేదాంత స్వామి వేదికెక్కి హరేకృష్ణ మంత్రం చెప్పించారు. అదే వేదిక మీద గ్రేట్‌ఫుల్ డెడ్ వాయించింది. టికెట్ రెండున్నర డాలర్లు. ఆ ఏడాది చివర్లో లండన్‌లో వచ్చిన జిమీ హెండ్రిక్స్ రికార్డు అట్ట అయితే మన ఇళ్లల్లో గోడకి వేలాడే దేవుడి పటమే. విష్ణువు విశ్వరూపం కేలండర్ బొమ్మ తీసుకుని అందులో హెండ్రిక్స్ ముఖం, బ్యాండ్‌లోని మరో ఇద్దరి ముఖాలు అతికించారు. హెండ్రిక్స్‌కి అది అంతగా నచ్చలేదు. తన వంశంలో అమెరికన్ ఆదివాసీల రక్తం ఉంది, ఇండియన్ అంటే ఆ ఇండియన్‌ని వేసి ఉండాల్సింది అనుకున్నాడు. కేలండర్ బొమ్మల్ని ఇక్కడి కళా విమర్శకులు చాలాకాలం చవకబారువని పక్కన పెట్టారు. లండన్‌లో వాటిలోని నిండైన రంగు, ఖాళీ వదలని కూర్పు కొత్త కళగా కనిపించాయి. లండన్‌లో అప్పటికే మైకేల్ ఇంగ్లిష్, నైజెల్ వేమౌత్ బంగారు వెండి ఇంకులతో సిల్క్‌స్క్రీన్ పోస్టర్లు వేస్తున్నారు. వాటి కథకి వేరే వ్యాసం కావాలి.

ఈ లోకంలో ఆడవాళ్ల చోటు గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కాగితం మీద ఎక్కడ చూసినా స్త్రీ శరీరమే, గీసినవాళ్లు మాత్రం ఇంచుమించు అంతా మగవాళ్లు. ముఖ్యమైన మినహాయింపు బానీ మెక్‌లీన్. అప్పట్లో బిల్ గ్రాహం భార్య. ఫిల్మోర్‌లో రాబోయే కచేరీల వివరాలు నల్లబల్ల మీద సుద్దముక్కలతో అందంగా రాస్తుండేది. 1967లో విల్సన్ తప్పుకోగానే వారంవారం పోస్టర్ బాధ్యత ఆమె మీద పడింది. విల్సన్ అక్షరాలతోనే మొదలుపెట్టి కొద్ది వారాల్లోనే తన గీత పట్టుకుంది. గోతిక్ చర్చి కిటికీల లాంటి చట్రాలు, దిగులుగా ఎటో చూసే ముఖాలు. విల్సన్ స్త్రీలు నాట్యం చేస్తారు, మెక్‌లీన్ ముఖాలు ఆలోచిస్తాయి. ఐదుగురు మహామహులు అని లెక్కపెట్టే అలవాటు వల్ల ఆమె పేరు ఎప్పుడూ ఆరోదిగా మిగిలిపోతోంది.

విల్సన్ ఎందుకు తప్పుకున్నాడంటే డబ్బు దగ్గర. మొదట్లో పోస్టర్ గోడకి కొట్టి అటు తిరిగేసరికి ఎవరో ఊడబీక్కుపోయేవాళ్లు. దాంతో గ్రాహం కచేరీ అయ్యాక ఇంటికెళ్లేవాళ్లకి ఉచితంగా పంచడం పెట్టాడు. తర్వాత అవి అమ్ముడుపోతాయని తెలిసి వేల సంఖ్యలో మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి. గీసినవాడికి దక్కాల్సిన వాటా మీద తగాదా ముదిరింది. 1967 మేలో విల్సన్ వేసిన చివరి ఫిల్మోర్ పోస్టర్‌లో ఒక పాము ఉంటుంది, దాని నోట్లో డాలర్ గుర్తు. మొస్కోసో ముందుజాగ్రత్తపడ్డాడు. నియాన్ రోజ్ వరసను తనే సొంతంగా అచ్చేయించుకుని హక్కులు దగ్గర పెట్టుకున్నాడు. డబ్బు వాసన వద్దనుకున్న ఉద్యమంలో హక్కుల కాగితం చదివినవాడే నిలదొక్కుకున్నాడన్నది చేదుగానే ఉంటుంది.

1967 సెప్టెంబర్ 1న లైఫ్ పత్రిక పోస్టర్ల వెల్లువ మీద ముఖచిత్ర కథనం వేసింది. ఆ వేసవిలో హెయిట్ ఆష్‌బరీకి దాదాపు లక్షమంది కుర్రకారు వచ్చిపడ్డారని అంచనా. తిండి, చోటు చాలలేదు. మందుల వల్ల చెడినవాళ్ల కోసం, రోగాలు వచ్చినవాళ్ల కోసం జూన్‌లోనే ఉచిత క్లినిక్ తెరవాల్సి వచ్చింది. కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డీని నిషేధించింది 1966 అక్టోబర్ 6న. సరిగ్గా ఏడాదికి, 1967 అక్టోబర్ 6న, ఆ పేటవాళ్లే హిప్పీ చనిపోయాడని ఉత్తుత్తి పాడె కట్టి వీధుల్లో ఊరేగించారు. పోస్టర్లు మాత్రం ఇంకో నాలుగేళ్లు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడవి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి, వేలంపాటల్లో ఉన్నాయి. కొనేవాళ్లు ముందు చూసేది మొదటి అచ్చా కాదా అని. తర్వాత కాగితాన్ని వెలుతురుకి పట్టి నాలుగు మూలలూ తడుముతారు. పిన్ను గుచ్చిన రంధ్రం కనపడితే ధర పడిపోతుంది. స్తంభం మీదో గోడ మీదో వేలాడి, ఎండకి వెలిసి, ఒక మనిషిని ఆపి చదివించిన కాగితానికి తక్కువ. ఎవరి కంటా పడకుండా పెట్టెలో ఉండిపోయినదానికి ఎక్కువ.